మడత పెట్టని నాచు

మా వరసలో కానుపైన ఇల్లొకటుందని, ఆ ఇంటి గుమ్మానికి మాత్రం తాడు కట్టలేదని చెప్పి పోయినసారి ఆపాను. ఆ ఇల్లు నాదే. లోపల పడుకున్నది యోన్‌షిల్, కొండకు అవతలి గనిలో మేస్త్రీగా చేసే సోక్‌బే పెళ్ళాం. తొలి కానుపులో బిడ్డ చచ్చి పుట్టిందని దాని అత్త దానికి చెప్పింది. రెండోసారి నెలలు నిండుతుంటే మొగుడు తన్నే తన్నులకు ఇది కూడా దక్కదని భయపడి, మంచులో కొండెక్కి దిగి మా దగ్గరకొచ్చి పడింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బతికి బయటపడ్డారు. పురిటి రోజులు గడిచేదాకా ఆ సంగతి సోక్‌బే చెవిన పడకుండా చూడడమే మా అందరి పనీ అయింది.

మా అందరూ అంటే విధవల వరస. మొగుళ్ళు గనిలో పోయిన ఆడవాళ్ళకు కంపెనీ బొగ్గు ఏరే పనీ, కొండ వాలులో ఆఖరి వరస ఇళ్ళూ ఇస్తుంది. ఊరంతా దాన్ని విధవల వరస అంటుంది, మేమూ అంటాం. తిరిగే రబ్బరు పట్టా మీద బొగ్గు కదిలిపోతుంటే రెండు పక్కలా నిలబడి రాళ్ళు ఏరి అవతల పారేస్తాం. పెద్ద గడ్డ వస్తే సుత్తితో ఒక్కటిచ్చి లోపల ఏముందో చూస్తాం. అందుకని మాలో ప్రతి ఒక్కదాని నడుముకూ ఒక సుత్తి వేలాడుతూ ఉంటుంది.

తాడు సంగతి కూడా చెప్పాలి. బిడ్డ పుట్టగానే గుమ్మానికి ఎడమ పురి పెట్టి పేనిన గడ్డితాడు కడతాం. ఆడపిల్లయితే పైన్ రెమ్మలు, బొగ్గు ముక్కలు. మగపిల్లాడయితే ఎండుమిరపకాయలు కూడా. ఆ తాడు చూస్తే అప్పులవాడు కూడా తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. గనిలోకి దిగే మగాడయితే ఆ గుమ్మం వంక కన్నెత్తి చూడడు. కానీ తాడు కట్టడమంటే ఇక్కడ పురుడు వచ్చిందని ఊరికంతటికీ చాటడమే. మా వరస మంత్రసాని పన్‌సూన్ అవ్వ పురుడు పోసిన చేతులతోనే తాడు పేనడం మొదలుపెడితే నేనే లాక్కుని పొయ్యిలో పడేశాను. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తాడు లేకపోతేనేం, యోన్‌షిల్‌కి ఏ లోటూ రానివ్వలేదు మేము. ఎవరికి సెలవు షిఫ్టయితే వాళ్ళు దాని దగ్గర కూర్చునేవాళ్ళు. మాలో చిన్నది దల్లే, పెళ్ళయిన ఏడాదిలోపే మొగుణ్ణి పోగొట్టుకుంది, తన పెళ్ళి దుప్పటి తెచ్చి యోన్‌షిల్ మీద కప్పింది. పొత్తిగుడ్డలు బయట ఆరేస్తే గుట్టు బయటపడుతుందని నా వంటింట్లోనే తీగ కట్టి ఆరేసేవాళ్ళం. అన్నం, కిమ్చీ పచ్చడి తినడానికి కూర్చుంటే నెత్తి మీద గుడ్డలు తగిలేవి. పిల్ల ఏడ్చినప్పుడల్లా దల్లే గొంతెత్తి పాట అందుకునేది. దీనికి మళ్ళీ ఎవడి మీదో మనసు పుట్టిందని ఊళ్ళో చెప్పుకున్నారు. అది ఆ మాటకు మురిసిపోయి ఇంకా గట్టిగా పాడింది.

ఇంత జాగ్రత్తా ఎక్కడ బెడిసిందో వినండి.

బాలింతకు పెట్టే సముద్రపు నాచు ఊళ్ళో దుకాణంలో దొరికేది పొడిపొడిగా ఉంటుంది, దాంతో చారు పెడితే బాలింతకు ఒంట్లో చెత్త పోదు, పాలు పడవు అని అవ్వ పట్టుబట్టింది. సముద్రపు ఒడ్డు సంతకు తనే వెళ్ళి తెస్తానంది. తెల్లారి బస్సెక్కిన మనిషి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. నేను వాకిట్లో మంచు ఊడుస్తూ తలెత్తి చూసి చీపురు కింద పడేశాను.

అవ్వ నెత్తి మీద నాచు ఉంది. మనిషి నిలువంత పొడుగున ఆరబెట్టిన నాచు, నడుమ గడ్డితో కట్టు, ముందు సగం వెనక సగం అడుగడుక్కీ ఊగుతూ ఉంది. ఆ నాచు కింద అవ్వ మొహం కొత్త పెళ్ళికూతురిలా వెలిగిపోతోంది.

"అవ్వా! ఇట్లాగే వచ్చావా?"

"ఎట్లా రావాలే మరి? పల్లకీ పంపించావా నువ్వు?"

"నాచు మడత పెట్టి సంచిలో వేసుకోలేకపోయావా?"

అవ్వ నన్ను తన చేతిలో పుట్టి తననే తిట్టిన పిల్లను చూసినట్టు చూసింది. "బాలింత నాచు ఎవరే మడత పెట్టేది? మడత పడితే బాలింత ఊపిరికి మడత పడదూ? అమ్మినావిడే అడిగింది, పురిటికా అని. అవునన్నాను. పాపం ఆవిడే చక్కగా కట్టి నెత్తిన పెట్టింది."

"బస్సులో?"

"బస్సులో ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నా. పక్కావిడ ఒళ్ళోకి కూడా వచ్చింది. ఏమీ అనలేదు పాపం, పురిటి నాచు తగిలితే మంచిదేనంది."

"ఎవరైనా ఏమైనా అడిగారా?"

"అడక్కేం. డ్రైవరు అడిగాడు. 'ఏమే అవ్వా, మీ విధవల వరసలో పురుడేంటే, ఏ దేవుడు దిగొచ్చాడూ' అన్నాడు. బస్సు బస్సంతా ఒకటే నవ్వు."

"నువ్వేం చెప్పావు?"

"మాల్‌సున్ కడుపుతో ఉందన్నాను."

మాల్‌సున్ నేనే. వేరే రోజయితే ఆ మాటకు అవ్వతో పోట్లాడేదాన్ని. ఆ రోజు నా బుర్రలో బస్సు ఒక్కటే తిరిగింది. ఆ బస్సు మా ఊళ్ళో ఆగి కొండ మీదుగా అవతలి గని ఊరికే పోతుంది. అందులో సగం మంది సోక్‌బే ఊరివాళ్ళు. మగాడు అడుగుపెట్టని వరసకు బాలింత నాచు పోతోందంటే ఇంతకన్నా నవ్వులాట ఇంకేముంటుంది? దిగిన ప్రతివాడూ ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని చెప్పే ఉంటాడు. పెళ్ళాం పారిపోయిన మొగుడికి ఆ నవ్వులాట అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది?

అవ్వకు అప్పటికి తట్టింది. నెత్తిన నాచు దించకుండానే గుమ్మంలో కూలబడింది. ఈ ఊళ్ళో సగం మందిని భూమ్మీదకు లాగిన మనిషి. పురిటి నాచు మడవకూడదన్నది ఆవిడ చేతుల్లోకి ఇంకిపోయిన సంగతి, బుర్ర దాకా పోదు. కోపం రావలసింది నాకు రాలేదు, ఏడుపొచ్చింది.

"యోన్‌షిల్‌ని ఇప్పుడే పంపించేద్దాం," అన్నాను.

"పచ్చి బాలింతనా? ఈ చలిగాలిలోనా? గాలి ఎముకల్లో దూరిందంటే జన్మంతా నొప్పులే."

"వాడికి దొరికితే ఎముకలే మిగలవు అవ్వా."

లోపల్నుంచి యోన్‌షిల్ తలుపు జరిపింది. అంతా విన్నట్టుంది. మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళలో తడి లేదు. "నేనిప్పుడే పోతానక్కా. మీ అందరికీ ఎందుకీ గొడవ?" అని లేవబోయింది. లేవలేక తలుపు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

సాయంత్రం అందరూ వచ్చాక ఒక మాట అనుకున్నాం. దల్లే వాళ్ళన్న బొగ్గు లారీ నడుపుతాడు. మర్నాడు పగటి షిఫ్టు దిగగానే లారీ వెనక వీధిలోకి వస్తుంది, ముందు సీట్లో దుప్పట్లు కప్పి తల్లినీ పిల్లనూ దక్షిణాన దల్లే వాళ్ళ పుట్టింటికి చేరుస్తాడు. ఒక్క రోజు మాట. ఒక్క రోజులో ఏం కొంపలు మునుగుతాయిలే అని నేనే అన్నాను.

మర్నాడు అందరూ షిఫ్టుకు పోయారు. అవ్వా నేనూ ఉండిపోయాం. అవ్వ వాకిట్లో పొయ్యి మీద పెద్ద బాన పెట్టి నాచు చారు కాస్తోంది. దారిలో తాగడానికి డబ్బాలో పోసిస్తానని. నువ్వుల నూనెలో నాచు వేగిన వాసన వరస చివరిదాకా పాకింది. సోక్‌బే ఆ వాసన పట్టుకునే వచ్చాడేమో.

కొత్త కోటు వేసుకున్నాడు. చేతిలో పేపరులో చుట్టిన గొడ్డుమాంసం పొట్లం, అత్తారింటికి వచ్చినవాడిలా. నన్ను చూసి వంగి మరీ దణ్ణం పెట్టాడు.

"వదినగారూ, బాగున్నారా? మా ఆవిణ్ణి ఇన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉన్నారట. మీ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలీడం లేదు."

"ఎవరు బాబూ నువ్వు? ఇది విధవల వరస. ఇక్కడ మగాళ్ళ పెళ్ళాలెవరూ ఉండరు."

"బాలింతలు కూడా ఉండరా?"

"ఉండరు. ఇక్కడ కానుపెవరికీ కాలేదు."

వాడు గుమ్మం పైకి చూశాడు. అటూ ఇటూ తీరిగ్గా చూశాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "నిజమే సుమండీ. తాడు లేదు. తాడు లేకపోతే కానుపు లేనట్టే. కానుపు లేని ఇంట్లోకి చుట్టం రావడానికి అడ్డేముంది చెప్పండి?"

తాడు కట్టి ఉంటే వాడు ఆగేవాడని నాకు ఈ రోజుకీ అనుమానం లేదు. సోక్‌బే పెళ్ళాన్ని కడుపులో తన్నగలడు గానీ, గనికి పోయేముందు వాకిట్లో బూట్ల మొనలు ఇంటివైపు తిరిగి ఉన్నాయో లేదో చూసుకునేంత శకునాల భయమున్న మనిషి. మేం దాచడం కోసం తీసేసిన తాడే వాడికి దారి ఇచ్చింది.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వాడు మాంసం పొట్లం నా చేతిలో పెట్టబోయాడు. నేను పట్టుకోలేదు. అది మంచులో పడింది. నవ్వు అట్లాగే ఉంచి నా చెంప మీద కొట్టాడు. చెవిలో హోరు. పొయ్యి దగ్గర పడ్డాను.

అవ్వ గరిటె పట్టుకుని వాడికి ఎదురొచ్చింది. "ఒరే, లోపల పచ్చి పురుడు. ఆ గుమ్మం దాటావంటే గని నిన్ను నోట్లో వేసుకుంటుంది. నీ శవం కూడా దొరకదు."

"నువ్వేనా నాచు ముసలిదానివి?" అంటూ వాడు చారు బానను కాలితో తన్నాడు. మరిగే చారు అవ్వ పాదాల మీద పడింది. అవ్వ అట్లా అరవడం నేను ఎన్నడూ వినలేదు, ఎందరి పురుళ్ళలోనో ఇతరుల అరుపులు వింటూ గడిపిన మనిషి. నాచంతా బురద మంచులో చిందరవందరగా పడింది.

గోడకు బొగ్గు ఎత్తే పార ఆనించి ఉంది. వాడది అందుకుని సోయా పులుసు ఊరే జాడీల దగ్గరకు పోయాడు.

"మగా, ఆడా?" అని అడిగాడు.

పారతో ఒక్కటేశాడు. మొదటి జాడీ పగిలింది. నల్లటి పులుసు మంచు మీద పాకింది.

"అడుగుతున్నది నిన్నేనే. మగా, ఆడా?"

ఇంకో జాడీ. అది మా అమ్మ పెట్టిచ్చిన పులుసు. ఏటేటా కొత్త పులుసు కలుపుతూ నేను ఆరనివ్వకుండా కాపాడుకున్నది. మొగుడు పోయినప్పుడు కూడా దాని మూత నేనే తీసి ఎండబెట్టాను. అది నేలపాలవుతుంటే నాకు ఏడుపు రాలేదు, వాణ్ణి చంపాలనిపించింది. దాచుకోవడం దేనికి, చంపాలనే అనిపించింది.

"ఆడపిల్ల!" తలుపు లోపల్నుంచి యోన్‌షిల్ అరిచింది. "ఆడపిల్లే. నీకు పనికిరాదు. పో ఇక్కణ్ణుంచి!"

వాడికి కావలసింది ఆ గొంతే. బూట్లతోనే గదిలోకి పోయాడు. మేం మోకాళ్ళ మీద పాకుతూ తుడిచే వంటింటి పొయ్యి వేడి కింద నుంచి తగిలే ఆ వెచ్చటి నేల మీద వాడి బూట్ల నల్లటి బురద. దుప్పటి చింపే చప్పుడు, పిల్ల గుక్కపట్టి ఏడ్చే ఏడుపు. వాడు బయటకు వచ్చేటప్పుడు ఒక చేతిలో పార, ఇంకో చేతిలో యోన్‌షిల్ జుట్టుంది. దాన్ని గుమ్మం మీద నుంచి మంచులోకి ఈడ్చాడు. చెప్పులు లేవు, రవిక ముడి ఊడిపోయింది. దాన్ని ఈడ్చిన దారి పొడుగునా మంచు మీద ఎర్రటి చార.

"నా ఇంట్లో వంటెవరు చేస్తారే? ఆ? గనిలో అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నువ్విక్కడ నాచు చారు తాగుతూ కూర్చున్నావా?" మాటకొక తన్ను. అది కడుపును మోకాళ్ళతో కప్పుకుని ముడుచుకుపోయింది గానీ వాడి కాలు వదలలేదు. రెండు చేతులతో వాడి చీలమండ కావలించుకుని ఉంది. మొదట నాకర్థం కాలేదు, ఎందుకు పట్టుకుందీ అని. వాడు మళ్ళీ గదిలోకి, పిల్ల దగ్గరకు పోకుండా పట్టుకుంది.

నేను పొయ్యిలోకి పట్టకారు దూర్చి కణకణలాడే బొగ్గు దిమ్మను పట్టి లాగాను. వాడి వెన్నుకు దాన్ని అదిమాను. కొత్త కోటు కాలింది, లోపలి చొక్కా కాలింది, తోలు కాలిన వాసన వచ్చింది. వాడు గిర్రున తిరిగి పారతో నా కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత తెలిసింది. పట్టకారు జారిపోయింది. దిమ్మ మంచులో పడి బుస్సుమంది.

"నీ మొగుడు పోయాక నిన్ను కొట్టేవాడు లేకనే ఇంత పొగరు," అన్నాడు వాడు రొప్పుతూ.

నా మొగుడూ కొట్టేవాడు, జీతం రోజున. వాడు పోయినప్పుడు నేను ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఆ తర్వాత జీతం రోజు సాయంత్రం తలుపు చప్పుడైనా భుజాలు బిగించకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అదంతా సోక్‌బేకి చెప్పేంత తీరిక అప్పుడు లేదు.

అప్పుడు వినపడింది దల్లే పాట. షిఫ్టు దిగి వస్తున్నారు. పిల్ల ఏడుపు దూరానికే వినపడి, అలవాటుగా అందుకున్నట్టుంది. మలుపు తిరిగి మా వాకిలి చూడగానే పాట తెగిపోయింది.

మొహాలు నల్లగా, కళ్ళు ఒక్కటే తెల్లగా, వరసలోని ఆడవాళ్ళందరూ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవ్వరూ కేకలు పెట్టలేదు. పగిలిన జాడీలు చూశారు, బొబ్బలెక్కిన అవ్వ పాదాలు చూశారు, మంచులో ఎర్ర చార చూశారు. ఒక్కొక్కరి చెయ్యే నడుము దగ్గరకు పోయింది.

సోక్‌బే పార ఎత్తి పట్టుకుని నవ్వాడు. "రండి రండి. మొగుళ్ళను మింగిన ముండలందరూ వచ్చారు."

"ఇంకా ఆకలి తీరలేదురా," అంది దల్లే.

మొదటి దెబ్బ దానిదే. పార పట్టుకున్న వేళ్ళ మీద వేసింది. పార పడింది. ఆ తర్వాత ఎవరిది ఏ దెబ్బో చెప్పలేను. మా దెబ్బలు పెద్దవి కావు, పట్టా మీద గడ్డ పగలగొట్టే దెబ్బలే, చిన్నగా, గురిగా, ఒకటి తర్వాత ఒకటి. మోకాలి చిప్ప, మోచెయ్యి, భుజం. వాడు ఒకరిని జుట్టు పట్టి గోడకు కొట్టాడు, ఇంకొకరి పెదవి చీలింది. అయినా ఎవ్వరూ వెనక్కి తగ్గలేదు. నేను నేల మీద కూర్చుని చూస్తున్నాను. నా చెయ్యి వేలాడుతోంది. నాకు సంతోషంగా ఉంది. అంత సంతోషం నాకు ఈ ఊళ్ళో ఇంకెప్పుడూ కలగలేదు.

వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. నోట్లోంచి ఒక పన్ను ఉమ్మేశాడు.

"ఇక చాలు, చాలించండే," అంది అవ్వ పొయ్యి పక్క నుంచి. "పురిటింట్లో చావు పనికిరాదు. కొండ అవతల పారేసి రండి."

దల్లే వాడి గల్లా పట్టుకుని లేపబోయింది. వాడు దాన్ని చూడలేదు. మంచులో ముడుచుకున్న యోన్‌షిల్‌నే చూస్తున్నాడు.

"యోన్‌షిల్," అన్నాడు మెల్లగా, దాదాపు ప్రేమగా. "మొదటిది చావలేదు."

సుత్తులు ఆగిపోయాయి.

"బతికే ఉంది. నడుస్తోంది కూడా."

"ప్రాణం మీదకొస్తే వీడు ఎన్నయినా కూస్తాడు," అంది దల్లే. "అక్కా, నమ్మకు. కొట్టండే!"

"ఆగు," అంది యోన్‌షిల్.

అది మోచేతుల మీద పాకుతూ వాడి ముందుకు వచ్చింది. ఎవరో దుప్పటి తెచ్చి కప్పబోతే తోసేసింది. "నేను విన్నాను," అంది. "ఆ రోజు ఏడుపు విన్నాను. కళ్ళు మూతలు పడుతున్నా విన్నాను. మీ అమ్మ పిల్లి అంది."

"పిల్లి కాదు."

"ఇన్నాళ్ళూ నాకు మతి చెడిందనుకున్నాను. పిల్లి అరిచినప్పుడల్లా ఛాతీలో పాలు చేపుకొస్తుంటే నాకు పిచ్చనుకున్నాను." దాని గొంతు పగిలింది. "ఎవరికిచ్చావు? ఎక్కడుంది?"

ఆడపిల్ల పుట్టిందని చంపలేక, పెంచడం ఇష్టం లేక వాడూ వాడి తల్లీ ఎవరికో ఇచ్చేశారు. అది మాకందరికీ ఆ నిమిషంలోనే అర్థమైంది. కాకపోతే ఎవరికన్నది వాడి నోట్లోంచి రావాలి. వాడి తల్లి పోయిన చలికాలమే చచ్చిపోయింది.

వాడు నవ్వాడు. ఆ నెత్తురు నోటితో, దెబ్బలు తిన్న మొహంతో, గెలిచినవాడి నవ్వు నవ్వాడు. "ఇక్కడ చెప్పను. నాతో రా. ఇంటికి రా, వంట చెయ్యి, మంచి పెళ్ళాంలా ఉండు. నాకు నమ్మకం కుదిరినప్పుడు చూపిస్తాను." ఇంకా కదిలే చెయ్యి చాచి మళ్ళీ దాని జుట్టు పట్టుకున్నాడు. "లే. నడు."

యోన్‌షిల్ లేచింది. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. అది ఎదురు తిరగలేదు, ఏడవలేదు. జుట్టు వాడి చేతిలో ఉండగానే లేచి నిలబడింది, వాడితో పోవడానికి. వాడు దాన్ని పట్టుకునే తనూ లేస్తున్నాడు. నేలంతా నెత్తురూ సోయా పులుసూ కలిసి ఉన్నాయి, లోపల పిల్ల ఏడుస్తోంది, వాడు నవ్వుతున్నాడు.

దల్లే చేతిలోని సుత్తి నా ఎడం చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. నాకు ఎడం చేత్తో గురి లేదు. భుజం మీద వెయ్యాలనుకున్నాను. చెవి పైన తగిలింది.

గడ్డ పగిలినప్పుడు ఎట్లా ఉంటుందో నా చేతికి తెలుసు. అట్లాగే తెలిసింది.

సోక్‌బే చెయ్యి యోన్‌షిల్ జుట్టులోంచి జారింది. పక్కకు ఒరిగాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా, ఆగకుండా మంచులోకి దిగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు.

ఎవరో హమ్మయ్య అన్నారు. నాకూ ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ తర్వాత యోన్‌షిల్ అరిచింది. మొగుడి తన్నులకు అరవని మనిషి, కానుపు నొప్పులకు పళ్ళ మధ్య గుడ్డ కరిచి పట్టుకున్న మనిషి, ఇప్పుడు కొండకు వినపడేలా అరిచింది. వాడి మీద పడి రెండు చేతులతో ఆ చెవిని అదిమి పట్టుకుంది. నెత్తురు దాని వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది.

"ఏం చేశావక్కా?" అంది నా వైపు తిరిగి. "ఏం చేశావు? వీడికొక్కడికే తెలుసు!"

నా చేతిలోంచి సుత్తి పడిపోయింది. దాన్ని కాపాడుతున్నాననుకుంటూ దాని బిడ్డ జాడను నేనే పగలగొట్టాను.

అవ్వ కాలిన పాదాలతో పాక్కుంటూ వచ్చి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు పెట్టింది. "ఉంది," అంది చివరికి. "ఉందీ లేనట్టు ఉంది. ఈ చలిలో ఉంటే చీకటి పడేదాకా నిలవదు."

"పోనీ," అంది దల్లే గొంతు తగ్గించి. "లారీ వచ్చే వేళయింది. వీణ్ణి ఇక్కడే వదిలేసి నువ్వూ పిల్లా..."

"వీడు చావకూడదు," అంది యోన్‌షిల్. చేతులు వాడి చెవి మీద నుంచి తియ్యలేదు. రవిక ముందంతా పాలతో తడిసిపోతోంది, అది చూసుకోవడం లేదు. "చెప్పేదాకా చావకూడదు. ఎత్తండి. లోపలికి మొయ్యండి."

ఎవ్వరూ కదలలేదు.

"నా పక్క మీద పడుకోబెట్టండి," అంది. "నేల వెచ్చగా ఉండేది అక్కడే."